అన్నయ్య లారీకి ఒకే బెల్టు

మదురైలో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయికి ఒక పాత టాటా లారీ ఉంది. ఆరు సిలిండర్ల ఇంజను. పొల్లాచ్చి కొబ్బరికాయలు, ఒట్టన్‌చత్రం కూరగాయలు, ఏది దొరికితే అది ఎక్కించుకుని, కోయంబత్తూరుకూ మదురైకీ మధ్య తిరిగి ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగు చదివించిన లారీ అది. ఏటా ఎఫ్.సి. గడువు దగ్గర పడితే అన్నయ్యకు నిద్ర పట్టదు గానీ, దాన్ని అమ్మేయమంటే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటాడు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవరు క్యాబిన్లో ఏసీ ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. పాత బళ్ళకు అది వర్తించదు. అయితే ఆ వార్త డ్రైవర్ల చెవిన పడకుండా ఉంటుందా? అన్నయ్య దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్న డ్రైవరు, మంచి మనిషి, ఒకరోజు మెల్లగా "ఏసీ బండి వాళ్ళు రమ్మంటున్నారు" అన్నాడట. అన్నయ్యకు గుండె జారింది. పాత బండికి కొత్త ఇంజను దొరుకుతుంది, నమ్మకమైన డ్రైవరు దొరకడు.

ఏసీ పెట్టాలంటే దాని కంప్రెసరును ఇంజనే తిప్పాలి. అదనపు కరెంటుకు ఆల్టర్నేటరు కూడా పెద్దది కావాలి. ఉన్న వి-బెల్టులకు ఈ బరువు తగిలిస్తే జారిపోతాయి. అందుకని అన్నిటినీ కలిపి ఒకే పొడవాటి పలచటి బెల్టుతో తిప్పే పద్ధతికి మార్చుకోమని ఎవరో చెప్పారు. కప్పీల మధ్య పాములాగా మెలికలు తిరుగుతుంది కాబట్టి దానికి సర్పెంటైన్ బెల్టు అని పేరు. మొత్తం ఖర్చు లక్షకు కొంచెం పైన.

బ్యాంకులో తమ్ముడు ఉండగా భయమెందుకని అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. అంత పాత లారీ మీద ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. మా పుస్తకాల ప్రకారం దాని విలువ ఇనుము విలువే. చివరకు వదినగారు గాజులు తీసి బల్ల మీద పెట్టారు. బంగారం మీద అప్పుకు ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. కానీ ఆ గాజుల సంగతి తెలిశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నేను బి.కాం. చదివినవాణ్ణి, స్పానరు పట్టి ఎరగను. అయినా పని మొదలుపెట్టే ముందు నన్ను కూడా తీసుకెళ్ళమన్నాను.

కోయంబత్తూరులో గణపతి వైపు ఒక లేతు పట్టరై ఉంది. దాని మేస్త్రిగారు డెబ్భై దాటిన మనిషి, మనవారే. మన కోయంబత్తూరు తెలుగువాళ్ళకు ఈ యంత్రాల పిచ్చి ఎక్కడిదని అడిగితే పొడవైన కథే ఉంది. కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి–పళని మధ్య తిప్పడం, 1926లో పీలమేడులో పి.ఎస్.జి. ధర్మసంస్థ వెలిసి ఆ నీడన పారిశ్రామిక విద్య పెరగడం, ఇవన్నీ ఇక్కడి ఇళ్ళలో తాతలు చెప్పే కథలే. మేస్త్రిగారి తండ్రి మిల్లులో పనిచేశారట. అప్పట్లో పైకప్పు కింద పొడవాటి ఇనుప ఇరుసు తిరుగుతూ ఉండేది. దాని నుంచి వెడల్పాటి తోలు పటకాలు దిగి ఒక్కొక్క యంత్రాన్నీ తిప్పేవి. 1930లలో పైకారా కరెంటు వచ్చాక యంత్రానికొక మోటారు అమర్చడం మొదలై, ఆ ఇరుసులు క్రమంగా పోయాయి.

"అప్పుడూ బల్లపరుపు బెల్టే, ఇప్పుడూ బల్లపరుపు బెల్టే. నడుమ వచ్చింది ఈ వి-బెల్టు" అని నవ్వారాయన. మాట నిజమే. అమెరికాలో గేట్స్ కంపెనీ రబ్బరు వి-బెల్టును 1917లో తెచ్చింది. అది కప్పీ గాడిలో ఆప్పులాగా దిగి, పక్కలతో పట్టుకుంటుంది. పట్టు గట్టిదే కానీ మందం ఎక్కువ. చిన్న కప్పీ చుట్టూ వంగదు, వెనక్కి అసలే వంగదు. ఫోర్డ్ మస్టాంగ్ కారులో 1979లో కనిపించిన సర్పెంటైన్ బెల్టు పలచగా ఉంటుంది. లోపలివైపు నిలువుగా సన్నటి గీరలు, గీరకూ గీరకూ మధ్య మూడున్నర మిల్లీమీటర్ల చిల్లర. బెల్టు మీద 8పీకే1500 అని ఉంటే ఎనిమిది గీరలు, 1500 మిల్లీమీటర్ల పొడవు అని లెక్క. దాని వీపుతో కూడా కప్పీని తిప్పవచ్చు.

ఆ వీపు దగ్గరే ఉంది ప్రమాదం. అన్నయ్య అంతకుముందే వేరొక చోట (పేరు వద్దు లెండి) చవకగా చేస్తామంటే ఒక కాగితం గీయించుకుని వచ్చాడు. మేస్త్రిగారు కళ్ళజోడు సర్దుకుని, గీత మీద వేలు పెట్టి నడుపుతూ నీళ్ళ పంపు దగ్గర ఆగిపోయారు.

"నాయనా, ఇక్కడ బెల్టు వీపు తగులుతోంది. పంపు ఎటు తిరుగుతుందో చూసినారా?"

గీరలు తగిలే కప్పీలన్నీ క్రాంకు తిరిగే వైపే తిరుగుతాయి. వీపు తగిలేవి ఎదురు తిరుగుతాయి. కొత్త ఇంజన్లలో పంపును దానికి తగ్గట్టే తయారుచేస్తారు, పాత ఇంజనులో కాదు. పైగా ఈ లారీలో ఫ్యానూ పంపూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి. ఆ కాగితం ప్రకారం బిగిస్తే నీళ్ళు సరిగా పారవు, ఫ్యాను గాలిని ఎదురు తోస్తుంది. దిండిగల్లు చేరకముందే ఇంజను ఉడికిపోయేది. నేను వదినగారి గాజులు తలుచుకుని మాట్లాడకుండా కూర్చున్నాను.

మేస్త్రిగారు దారి మళ్ళీ గీశారు. బెల్టు బిగువు చూసే స్ప్రింగు కప్పీని ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పింది నాకు కూడా అర్థమైంది. క్రాంకు కప్పీ బెల్టును ఒకవైపు నుంచి లాక్కుంటుంది, రెండోవైపు వదిలిపెడుతుంది. స్ప్రింగు కప్పీ ఆ వదులు వైపే ఉండాలి. క్రాంకు ముందున్న డాంపరును మాత్రం ఆయన కదలనివ్వలేదు. ఆరు సిలిండర్ల పొడవాటి క్రాంకు మెలిపడి విరగకుండా కాచేది అదేనట. కొత్త కప్పీని దాని మీదే బిగించారు. కొందరు బరువు తగ్గుతుందని డాంపరు తీసేస్తారని చెబుతూ, ఆయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

బెల్టు మదురైదే. కోచడైలోని ఫెన్నర్ కర్మాగారం పేరు మదురైలో తెలియనివారు అరుదు. అన్నయ్య ఊరి సరుకని గర్వంగా తెచ్చాడు. మొదటిరోజు ఇంజను ఆన్ చేయగానే పిచ్చుకలాగా కిచకిచలాడింది. మేస్త్రిగారు కప్పీల ముఖాల మీదుగా ఒక దారం లాగి పట్టారు. ఆల్టర్నేటరు రెండు మిల్లీమీటర్లు ముందుకు ఉంది. వెనక్కి జరిపాక పిచ్చుక ఎగిరిపోయింది.

ఇంతా చెప్పి, అందరూ మార్చుకోండని నేను అనను. డీజిలు బోలెడు మిగులుతుందని చెప్పేవారి మాట నమ్మను. ఏసీ లాంటి కొత్త బరువు తగిలించే అవసరం లేనివాళ్ళకు వి-బెల్టే మేలు. ఆల్టర్నేటరుకు వేరే బెల్టు ఉంటే, అది తెగినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఒకే బెల్టు అయితే ఏ ఒక్క బేరింగు పట్టేసినా అన్నీ ఆగుతాయి. ఇంకొకటి, ఇప్పటి బెల్టులు ఈపీడీఎం రబ్బరువి. పాతవాటిలాగా పగుళ్ళు చూపించి హెచ్చరించవు. పైకి నున్నగా ఉంటూనే గీరల మధ్య లోతుగా అరిగిపోతాయి. కొలిచి చూడాలి, కంటితో చూస్తే తెలియదు. బ్యాంకులో కొన్ని ఖాతాలు కూడా ఇలాగే ఉంటాయి.

డ్రైవరు ఉండిపోయాడు. సీటు వెనక ఒక కొత్త బెల్టు వేలాడుతోంది. బెల్టు తిరిగే దారిని మేస్త్రిగారు తలుపు లోపలివైపు పెయింటుతో గీశారు. అన్నయ్యకు తెలుగు మాట్లాడటమే తెలుసు, చదవడం రాదు. అందుకని 'నీళ్ళ పంపు', 'వదులు వైపు' అనే తెలుగు మాటలను అరవ అక్షరాల్లో రాశారు. డ్రైవరు అరవాయన. వాటిని కూడబలుక్కుని చదివి, అర్థం అన్నయ్యను అడిగాడట.

గాజుల అప్పు సగం తీరింది. మిగిలింది మామిడికాయల లోడ్లకు తీరుస్తానంటున్నాడు.