చాక్లెట్ జాలరి

శ్రీలంక దక్షిణ తీరాన, గాలే సమీపంలోని ఒక రిసార్టు 2007లో 14,500 డాలర్ల డెజర్టును మెనూలో చేర్చింది. బంగారు రేకు అద్దిన ఇటాలియన్ కస్సాటా, మామిడి, దానిమ్మ, షాంపేన్, పైగా 80 క్యారెట్ల ఆక్వామెరీన్ రత్నం. రత్నం సంగతి సరే. నా చూపు ఆగింది చాక్లెట్ బొమ్మ దగ్గర: కడలిలో పాతిన కర్రపై కూర్చొని గాలం వేసే జాలరి. డెజర్టు పేరులోనూ అతడే.

సునామీ ఆ తీరాన్ని ఊడ్చుకుపోయి అప్పటికి మూడేళ్లయినా నిండలేదు. ఉత్తరాన యుద్ధం సాగుతూనే ఉంది. ఒకరి పొట్టకూటి తిప్పలను పళ్లెంలో అలంకారంగా వడ్డించడమే నాకు బంగారాన్ని మించిన విలాసంగా తోచింది. ఇప్పుడు అక్కడ చాలామంది కర్రెక్కేది చేపలకు కాదు, ఫొటోకు పర్యాటకులిచ్చే డబ్బుకు.

2022లో పాలపొడికీ వంటగ్యాసుకూ శ్రీలంక ప్రజలు బారులు తీరినప్పుడు నాకు మళ్లీ గుర్తొచ్చింది ఆ చాక్లెట్ జాలరే.