మగ్గం గదికి అడ్డంగా మంచం

శ్రావణమాసం లగ్గానికి ఇక పదిహేను రోజులే. గద్వాలలో ఆ నేతకారుడి ఇంట్లో రాత్రి ఒంటిగంట దాటినా గుంటమగ్గం చప్పుడు ఆగడం లేదు. నేస్తున్నది నాగర్‌కర్నూలులో ఉన్న అక్క కూతురి పెళ్లిచీర. ఒంటి నూలును అంచు పట్టుతో పోగు పోగుకూ మెలిపెట్టుకుంటూ పోవాలి. కన్ను మూతపడితే చీర చెడుతుంది. అందుకే గంటకోసారి చక్కెర దట్టించిన చాయ్, తోడుగా ఓ బీడీ.

మూడు రోజుల కిందటే వనపర్తిలో తెలిసిన డాక్టరు దగ్గర దవడపన్ను తీయించుకున్నాడాయన. మాత్రలు మింగుతున్నా నొప్పి తగ్గలేదు సరికదా, చెవిదాకా పాకింది.

"రాత్రంతా మగ్గం కాడ కూసుంటే పుండు యాడ మానుతది నాయనా?" అంది తల్లి. ముసలావిడ మాట ఎవరు వింటారు!

మళ్లీ వనపర్తి బస్సెక్కాడు. డాక్టరు నోరు చూసి, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని అడిగాడు. మూడు గంటలని తేలింది. అదీ ముక్కలు ముక్కలుగా.

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలుస్తుంది. అది ఊడిపోతే ఎముక బయటపడి నొప్పి చెవిలోకి లాగుతుంది. బీడీ పీల్చినా ఊడుతుంది కనుక నేరమంతా నిద్రలేమిదే అనడం న్యాయం కాదు. కానీ కణజాలం బాగుపడటానికి తోడ్పడే హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. నిద్ర కరువైతే ఒంట్లో వాపు పెంచే రసాయనాలు పెరుగుతాయి. పైగా తీపి చాయ్ తాగి అలాగే మగ్గం పక్కన ఒరిగితే, నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి ఆ చక్కెరను కడిగే దిక్కుండదు. మిగిలిన పళ్లకూ చేటే.

అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూశారు. వేసవి సెలవుల్లో ఒకసారి, పరీక్షలప్పుడు మరోసారి. పరీక్షలనాటి గాయం మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం ఎక్కువ సమయం పట్టిందని 1998లో ప్రకటించారు. అది ఒత్తిడి మీద జరిగిన పరిశోధన, నిద్ర మీద కాదు. అయితే పరీక్షలప్పుడు పిల్లల నిద్ర ఎలా ఉంటుందో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

డాక్టరు గుంట కడిగి, మందు పెట్టి, బీడీ మానమన్నాడు. రాత్రి పదికల్లా పడుకోమన్నాడు. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేస్తే, "కొంగు చిన్నగైతే ఏమాయె తమ్మీ, నువ్వు పండుకో" అంది.

అయినా ఆయన పదిన్నరకు లేచాడు. చూస్తే, మగ్గం గది గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకుని ఉంది తల్లి.