వావాలో కలిసిన స్కేట్ల కుర్రాడు

"నయాగరా అందరూ చూస్తారమ్మా, నిన్ను నేను చదువుకున్న ఊరికి తీసుకెళ్తా" అన్నాడు మా అబ్బాయి. కిందటేడు జూన్‌లో బ్రాంప్టన్‌లో వాడి దగ్గరున్నాను. ఆ ఊరు థండర్ బే. పక్కనేమో అనుకుని తలూపాను. కారెక్కాక చెప్పాడు, దాదాపు పద్నాలుగొందల కిలోమీటర్లని! అంత దూరం వెళ్లినా ఇంకా ఒంటారియో రాష్ట్రం దాటం.

పులిహోర, చపాతీలు, ఆవకాయ సీసా సర్దుకుని బయల్దేరాం. రాత్రికి సూ సెయింట్ మేరీలో పడుకుని తెల్లారి మళ్లీ కదిలాం. అక్కణ్నుంచి ఎడమవైపు సుపీరియర్ సరస్సు. సరస్సంటే కొల్లేరులా ఊహించుకోకండి. 82 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో ముప్పావు వంతు దాంట్లో పట్టేస్తుంది. కెరటాలు కూడా వస్తాయి, ఉప్పు వాసన ఒక్కటే ఉండదు. కుడివైపు కొండలు, అడవి. చాలాసేపు ఊరూ కనపడదు, ఫోన్‌లో సిగ్నలూ ఉండదు.

వావా అనే చిన్న ఊళ్లో పెట్రోలు కోసం ఆగాం. ఊరి మొగలోనే పెద్ద అడవిబాతు బొమ్మ, 28 అడుగులుంటుంది. నాకు మాత్రం బంకు దగ్గర నేలమీద కూర్చున్న కుర్రాడే వింతగా కనిపించాడు. ఒళ్లో చక్రాల బూట్లు పెట్టుకుని చక్రాలు విప్పుతున్నాడు. పక్కన పసుపు లైట్ల వ్యాను, దానిమీద 'పిల్లల మానసిక ఆరోగ్యం కోసం దేశం దాటుతున్నాం' అని ఇంగ్లీషులో రాసుంది.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? వెళ్లి పలకరించాను. పశ్చిమాన విక్టోరియాలో బయల్దేరాడట. తూర్పు కొసన సెయింట్ జాన్స్ దాకా, ఏడు వేల కిలోమీటర్ల పైచిలుకు, స్కేట్ల మీదే.

"కొండలెక్కడం కష్టం కదా బాబూ?"

"ఎక్కడం ఫర్వాలేదండీ, దిగడమే భయం" అన్నాడు. మడమ దగ్గర చిన్న రబ్బరు బ్రేకు ఉంటుంది, పెద్ద వాలులో అది ఆగదు. పరిగెత్తేవాడైతే లారీ వచ్చినప్పుడు పక్కనున్న కంకరలోకి దిగిపోవచ్చు. చక్రాలు కంకరలో దిగబడతాయి, పడిపోతాం. వాన పడితే తారు జారుతుంది, ఆ రోజు విశ్రాంతే. చక్రాలు ఒకవైపే అరుగుతాయి కాబట్టి రోజూ విప్పి తిప్పి బిగించాలి.

ఎందుకింత కష్టం అంటే వ్యాను వైపు చూపించాడు. డ్రైవరు సీట్లో ఇంకో కుర్రాడు చిప్స్ తింటున్నాడు.

"మా తమ్ముడు. మూడేళ్ల కింద గది తలుపేసుకున్నాడు. ఏడాదిపాటు మేం దాన్ని బద్ధకం అనుకున్నాం. ఊళ్లో చూపించడానికి ఎవరూ లేరు."

అలాంటి చిన్న ఊళ్ల పిల్లల కోసమే ఈ చందాలట. ఇరవై డాలర్లిచ్చాను. మనసులో పన్నెండొందలని లెక్కేసుకున్నాను, అలవాటు పోదు కదా. "టెర్రీ ఫాక్స్ దగ్గర ఆగండి" అని చెప్పి బూట్లు బిగించుకున్నాడు.

తర్వాత అయిదు గంటలూ మావాడు పెద్దగా మాట్లాడలేదు. డ్రైవింగ్ అలసట అనుకున్నాను.

థండర్ బే ఇంకా రాకముందే, హైవే పక్కన గుట్టమీద ఉంది టెర్రీ ఫాక్స్ కంచు విగ్రహం. క్యాన్సర్‌తో కుడికాలు పోయిన ఈ అబ్బాయి 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్‌లో మొదలుపెట్టి, కృత్రిమ కాలుతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఈ ఊరి దగ్గరే ఆగిపోయాడు. మరుసటేడు జూన్‌లో పోయాడు, ఇరవై రెండేళ్లకే. ఒక్కొక్కరూ ఒక్క డాలరివ్వండని అడిగాడు. దేశ జనాభా రెండున్నర కోట్లు లేని రోజుల్లో, ఆయన బతికుండగానే 2.4 కోట్ల డాలర్లు దాటాయి.

కిందికి చూస్తే సరస్సు. రాత్రి తొమ్మిదవుతున్నా ఇంకా వెలుతురే.

"అమ్మా, నేనూ కౌన్సెలింగ్‌కి వెళ్లాను" అన్నాడు.

మనకు కౌన్సెలింగ్ అంటే ఎంసెట్టే కదా. "సీటు కోసమా?" అన్నాను.

"కాదు. రెండో సెమిస్టర్‌లో. చలికాలం, అయిదింటికే చీకటి. పార్ట్‌టైమ్ పోయింది. పొద్దున లేవాలంటేనే ఏడుపొచ్చేది."

ఆ రోజుల్లో రోజూ వీడియో కాల్ చేసేదాన్ని. ఏం తిన్నావురా అంటే పప్పు, చారు అనేవాడు. నేను సంతోషంగా పెట్టేసేదాన్ని. "నెలరోజులు బ్రెడ్డేనమ్మా. గది కనపడకుండా ఫోన్ గోడవైపు పెట్టుకునేవాణ్ని" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"పక్కింటి వాళ్లమ్మాయిని డాక్టర్‌కి చూపిస్తున్నారంటే నువ్వేమన్నావ్? తిన్నదరక్క అన్నావు."

అన్నాను. వంటింట్లో నిలబడి, పోపు వేస్తూ అన్నాను. ఆ మాట నాకు గుర్తే లేదు, వాడికి మాత్రం పోపు వాసనతో సహా గుర్తుంది. ఏం చెప్పాలో తోచక వాడి చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి "పులిహోర ఇంకా ఉందా?" అని వాడే అడిగాడు.

ఇప్పుడక్కడ 988కి ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా మాట్లాడతారట, 2023 నవంబరులో మొదలైంది. మన దగ్గర టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఇండియా రాగానే పక్కింటికి వెళ్లి ఆ అమ్మాయిని పలకరించాను. ఆమె తల్లి ముందు అనుమానంగానే చూసింది, తప్పు నాదే.

తిరుగు ప్రయాణంలో, ఆరో రోజు పొద్దున బ్లైండ్ రివర్ దగ్గర ఆ పసుపు లైట్లు కనిపించాయి. ముందు కుర్రాడు నడుం వంచి చేతులూపుతూ వెళ్తున్నాడు. ఆగడానికి చోటు లేదు. మావాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. కుర్రాడు వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు. వ్యానులో తమ్ముడు మాత్రం కిటికీలోంచి సగం బయటికొచ్చి ఊపాడు.