డబ్బాలో గోల, గోడలో లోపం

పొద్దున్నే ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం వినడం మా ఇంట్లో నాన్న నాటి అలవాటు. రేడియో ముల్లు 738 కిలోహెర్ట్జ్ దగ్గర్నుంచి కదలదు. కంప్యూటర్ కొన్నాక మాత్రం వార్తల బదులు జుమ్మని తుమ్మెదల మోత. పైగా చెప్పుల్లేకుండా క్యాబినెట్‌ను తాకితే వేళ్లు జిల్లుమంటున్నాయి. ఓ శనివారం డబ్బాను ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. సీటీసీ అంటే తప్ప ఆటోవాలాకు తెలియలేదు.

నేను వెతుక్కుంటూ వెళ్లింది ఓ వసారా మూలన ఉన్న చిన్న రిపేరు కొట్టు. కంప్యూటర్‌కు కరెంటు అందించే పాత ఎస్ఎంపీఎస్‌లు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. మెకానిక్ నా గోడు విని అడిగిన మొదటి మాట: "ఇంట్ల ఎర్తింగ్ మంచిగున్నదా సార్?"

"మూడు పిన్నుల ప్లగ్గే కదన్నా" అన్నాను.

"పిన్ను సంగతి కాదు, ఎర్త్ సంగతి అడుగుతున్న" అని నవ్వాడు.

నా ఎస్ఎంపీఎస్‌ను బయటికి తీసి, ఓ పాత హార్డ్ డిస్క్ తగిలించి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపాడు. ఫ్యాన్ తిరిగింది. అప్పుడు సొరుగులోంచి తీసింది పెద్ద మిషనేమీ కాదు, సెల్స్‌తో నడిచే చిన్న రేడియో! స్టేషన్ లేని చోట ముల్లు నిలిపి దగ్గరికి తెచ్చాడు. అదే మోత. మెల్లగా దూరం జరిపితే తగ్గింది. కరెంటు వైరు వెంబడి బోర్డు దాకా తీసుకెళ్తే మళ్లీ గీపెట్టింది. "జూసిండ్రా, గాలిల కన్న వైర్ల ఎక్కువ పోతున్నది. ఇంటి వైరింగంత ఏరియల్ అయితది."

ఎస్ఎంపీఎస్ పని తీరే అంత. ఇంటి 230 వోల్టుల ఏసీని ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి, సెకనుకు వేలకొద్దీ సార్లు తుంచుతుంది. ఆ తుంపుల గుణిజాలు మీడియం వేవ్‌లోకి వచ్చి పడతాయి. అవి గోడలోకి వెళ్లకుండా ఆపడానికే లోపల ఫిల్టర్ ఉంటుంది.

మూత విప్పాక నన్ను వెనక్కి జరగమన్నాడు. ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చట. వాటి కాళ్లకు బల్బు వైర్లు ఆనించాడు. బల్బు మినుక్కుమని ఆరిపోయింది. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో ఫిల్టర్ ఉండాల్సిన చోటు చూపించాడు. బోర్డు మీద చోక్ బొమ్మ అచ్చు వేసి ఉంది, చోక్ లేదు. దాని బదులు రెండు తీగ ముక్కలు టంకం వేసి ఉన్నాయి. పక్కనే ఎక్స్ కెపాసిటర్ చోటు ఖాళీ. మిగిలినవి రెండు నీలం బిళ్లలు, వై కెపాసిటర్లు.

"సగం ఫిల్టర్ మింగిండ్రు సార్. బరువు జూసినా తెలుస్తది" అంటూ ఫిల్టర్ ఉన్న మరో ఎస్ఎంపీఎస్‌ను చేతికిచ్చాడు. నిజమే, బరువుగా ఉంది. దానికీ రేడియో పరీక్ష చేశాడు. మోత బాగా తగ్గింది. "కాని జిల్లు పోదు. అది దీని తప్పు కాదు" అని ముందే చెప్పేశాడు. దాన్నే బిగించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ వై కెపాసిటర్లు ఒకటి ఫేజు నుంచి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి డబ్బా రేకుకు కలిసి ఉంటాయి. చెత్త సంకేతాలను ఎర్త్‌లోకి దించడం వాటి పని. ఎర్త్ లేకపోతే రేకు మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు తక్కువే గనక జిల్లుతో సరిపోతుంది.

మర్నాడు ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఫేజుకూ న్యూట్రల్‌కూ 230, ఫేజుకూ ఎర్త్‌కూ దాదాపు అందులో సగం చూపించింది. పెరట్లో ఎర్త్ గుంత తవ్వితే పైపుకు బిగించిన తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. కొత్త తీగ బిగించి, బొగ్గూ ఉప్పూ నింపి, నాలుగు బిందెల నీళ్లు పోశాం. జిల్లు పోయింది, మిగిలిన కాస్త మోతా అణిగింది.

మీ డబ్బా జిల్లుమంటే కొట్టుకు పరుగెత్తకండి. ముందు ఎర్త్ చూపించుకోండి. ఎండాకాలంలో ఆ గుంతకూ బిందెడు నీళ్లు పొయ్యండి.