మనోళ్ల తొలి స్కీయింగ్ ఎక్కడైతే బాగుంటుంది?

ఎల్లారెడ్డి వైపు మంచు అంటే పోచారం ప్రాజెక్టు మీద కమ్ముకునే పొగమంచే. కానీ కామారెడ్డి మీదుగా పోయే 44వ నంబర్ హైవే పట్టుకుని ఉత్తరానికి పోతూనే ఉంటే శ్రీనగర్ వస్తుంది! తాడ్వాయి గురుకులంలో చదివిన మలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కేసింది. మనం స్కీయింగ్ నేర్చుకోలేమా? కాకపోతే దాచుకున్న డబ్బులు ఏ కొండ మీద పెట్టాలన్నదే ప్రశ్న.

గుల్మార్గ్: రీల్స్‌లో కనిపించేది ఎక్కువగా ఇదే. గొండోలా రెండో దశలో 3,900 మీటర్లు దాటేస్తాం. అక్కడి వాలు ఆరితేరినవాళ్లకే, మంచు చరియల ప్రమాదమూ ఉంది. కొత్తవాళ్లు కింది వాలుల్లోనే ఆగిపోవాలి.

సోలంగ్: మనాలీకి దగ్గర. స్కీలు, డ్రెస్సు అద్దెకు దొరుకుతాయి. కానీ రద్దీ ఎక్కువ. ఒక్కపూట సరదాకు ఓకే.

ఔలీ: రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, రోజంతా ప్రయాణం. వాలులు కొత్తవాళ్లకు అనుకూలం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ రోజుల తరబడి సాగే కోర్సులు నడుపుతుంది. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్‌లో స్కీయింగ్ పోటీలు ఇక్కడే జరిగాయి.

మా ఓటు ఔలీకే. ఎందుకంటే మొదట్లో నేర్చుకునేది పడటం, లేవడం, ముందు కొనలు దగ్గరకు తెచ్చి ఆగడం. దానికి ఎత్తైన కొండ అక్కర్లేదు, నాలుగైదు రోజుల టైమ్ కావాలి. ఫిబ్రవరికి ప్లాన్ చేయండి. మంచు ఒక్కో ఏడాది మొహం చాటేస్తుంది, అందుకే ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్లు బుక్ చేయండి. అన్నట్టు, జీన్స్ మాత్రం వద్దు. తడిస్తే వణుకే!