కరుణ ఎవరి ఖర్చు?

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఢిల్లీ, దాని పరిసర నగరాల వీధి కుక్కలన్నింటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, దాడి చేసే స్వభావం ఉన్నవి మినహా మిగిలిన కుక్కలకు టీకాలు వేసి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. ఈ మధ్యకాలంలో దేశం రెండు శిబిరాలుగా చీలి వాదించుకుంది. కుక్కల వల్ల మనిషికి కలిగే ప్రమాదం గురించి ఒకరు, మనిషి వల్ల కుక్కలకు జరిగే అన్యాయం గురించి మరొకరు మాట్లాడారు. ఇంట చేరిన మూగజీవానికి ప్రాణం మీదికి వస్తే ఎక్కడికి వెళ్ళాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న మాత్రం ఏ శిబిరం నుంచీ పెద్దగా వినిపించలేదు.

హైదరాబాద్ శివారులో బట్టలు కుట్టి సంసారం నడిపే ఒక మహిళ ఇంట్లో ఆ ప్రశ్న ఒక వానాకాలపు రాత్రి తలెత్తింది. తొమ్మిదో తరగతి చదివే ఆమె కూతురు వీధిలోంచి తెచ్చుకున్న నాలుగు నెలల కుక్కపిల్ల రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు రాత్రి నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. ఆ వేళకు ప్రభుత్వ పశువైద్యశాల మూసి ఉంది. ఆటో మాట్లాడుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే పరీక్ష చేసి పార్వో వ్యాధి అన్నారు. నాలుగైదు రోజులు సెలైన్ ఎక్కించాలి, మిగతా జంతువులకు దూరంగా ఉంచాలి, ముందుగా 15 వేల రూపాయలు కట్టాలి. అది దాదాపు ఆమె నెల సంపాదన. పండక్కి కుట్టవలసిన బట్టల కోసం తీసుకున్న బయానా డబ్బులోంచి ఆరు వేలు కట్టి, మిగిలినదానికి గడువు అడిగింది. "మందుల పైసలు కట్టండమ్మా, నా ఫీజు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు అక్కడి యువ వైద్యుడు. రెండో రోజు సాయంత్రానికి మందుల డబ్బు కూడా అయిపోయింది. కుక్కపిల్లను ఇంటికి తెచ్చేశారు. మర్నాడు తెల్లవారుజామున అది చనిపోయింది. సకాలంలో పూర్తి వైద్యం అందితే పార్వో సోకిన కుక్కలు చాలావరకు కోలుకుంటాయి. ఆ సంగతి తెలిసిన పిల్ల తల్లిని ఒకటే అడిగింది: "కుక్కలకు గాంధీ దవాఖాన అసొంటిది లేదా అమ్మా?"

దీనికి జవాబు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కొంతవరకు దొరుకుతుంది. రాష్ట్ర జాబితాలోని 15వ అంశం పశుసంపద పరిరక్షణ, మెరుగుదల, పశువ్యాధుల నివారణ, పశువైద్య శిక్షణ, వృత్తి అన్నవాటిని రాష్ట్రాలకు అప్పగించింది. ఇందులో 'సంపద' అన్న మాటే ప్రభుత్వ పశువైద్య రంగమంతటికీ దారి చూపింది. పాలిచ్చే గేదె, దుక్కి దున్నే ఎద్దు, మందలోని గొర్రె పేదవాడి బతుకుదెరువు గనుక వాటికి వైద్యం అందించడం న్యాయమే. 1962 నంబరుకు పలికే సంచార పశువైద్య వాహనాలను లక్ష పశువులకు ఒకటి చొప్పున ప్రణాళిక చేసింది కూడా ప్రధానంగా పల్లె రైతు కోసమే. 2019 పశుగణన లెక్క తేల్చిన 53 కోట్లకు పైగా పశుసంపదలో కుక్కలు లేవు; వాటి లెక్క వేరు. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వైద్యశాల వంటివి కుక్కలకూ వైద్యం చేస్తాయి. అయితే ఆపద ఆసుపత్రి వేళలు చూసుకుని రాదు.

జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటించే జులై 6న ప్రభుత్వ వైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. రేబిస్ మనిషిని చంపుతుంది. కుక్కల పార్వో మనిషికి సోకదు గనుక ఆ టీకా సొంత ఖర్చుతో వేయించుకోవాలి. గేదెకు వైద్యం పాల కోసం, కుక్కకు టీకా మనిషి రక్షణ కోసం. ఆ ప్రాణి ప్రాణానికి స్వతహాగా విలువ కట్టిన చోటు రాజ్యాంగంలో ఒకటుంది. 1976లో 42వ సవరణ ద్వారా వచ్చిన 51ఎ(జి) అధికరణ జీవులపట్ల కరుణ చూపాలంటుంది. కానీ అది పౌరుడి ప్రాథమిక విధి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా జంతువు బాగోగులను దాన్ని పెంచేవాడి మీదే పెట్టింది. సరైన కారణం లేకుండా వదిలేయడం నేరమంది. కరుణ పౌరుడి బాధ్యతే తప్ప ప్రభుత్వ బడ్జెట్‌లో పద్దు కాలేదు.

బిల్లు చూసి వైద్యుణ్ణి దొంగ అనడం తేలిక. ఐదున్నరేళ్ళ చదువు, మత్తుమందు, ఎక్స్‌రే, ఆక్సిజన్, రక్తపరీక్షల యంత్రాలు, రాత్రంతా మేలుకునే సిబ్బంది — వీటి ఖర్చు రోగి నాలుగు కాళ్ళదైనంత మాత్రాన తగ్గదు. మనుషుల ఆసుపత్రి బిల్లును ఆరోగ్యశ్రీయో, ఆయుష్మాన్ భారతో, ఉద్యోగి బీమానో కొంత మోస్తుంది. ఇక్కడ అసలు ధర మొత్తం నేరుగా మీద పడుతుంది. ప్రైవేటు సంస్థలు పెంపుడు కుక్కలకు బీమా అమ్ముతున్నా, రైతు పశువుకు ప్రీమియంలో దొరికే సర్కారీ రాయితీ వీటికి లేదు. పెద్దజాతి కుక్కకు కడుపు మెలిపడితే గంటల్లో శస్త్రచికిత్స జరగాలి, బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. అటువంటప్పుడు నొప్పిలేని మరణం కలిగించే ఇంజెక్షనే అన్నిటికన్నా చౌక వైద్యమవుతుంది. బతికించగల ప్రాణి డబ్బు లేక చనిపోవడం వైద్యుడికీ గాయమే.

మనుషులకే వైద్యం అందని దేశంలో కుక్కల గోల ఏమిటన్నది బలమైన ఆక్షేపణే. మనుషుల ఆసుపత్రి నుంచి ఒక్క రూపాయి తీసి ఇటు పెట్టమని ఎవరూ అడగనక్కరలేదు. అయితే ఈ సేవ లేకపోవడం వల్ల నష్టపోయేది ఎవరు? సంపన్నుడు ఎలాగూ డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటాడు. బయానా డబ్బు ఖర్చు చేసుకునేది కుట్టుమిషను ఇల్లే.

దారులు లేకపోలేదు. 1903లో మొదలైన చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల బోధనాసుపత్రిలో రాత్రీపగలూ అత్యవసర సేవ నడుస్తోంది. విద్యార్థులకు అది చదువు, సామాన్యులకు అది ఆసరా. ముంబయి మహాలక్ష్మి ప్రాంతంలో టాటా ట్రస్టులు 2024లో సుమారు 165 కోట్ల రూపాయలతో పెంపుడు జంతువుల ఆసుపత్రి తెరిచాయి. దాతృత్వం అలా ఒక నగరాన్ని ఆదుకోగలదు, దేశాన్ని కాదు. అంతా మార్కెట్టుకే వదిలిన బ్రిటన్‌లో 2013లో పది శాతం పశువైద్యశాలలు పెద్ద కంపెనీల చేతుల్లో ఉండగా, పదేళ్ళలో అది దాదాపు అరవై శాతానికి చేరింది. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2024లో పూర్తిస్థాయి విచారణకు దిగవలసి వచ్చింది.

రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటి ఆసుపత్రుల్లో పేదలకు అందే ధరకు రాత్రంతా అత్యవసర సేవ నడపవచ్చు. జులై 6న రేబిస్ టీకాతో పాటు పార్వో టీకా కూడా వేయవచ్చు. ప్రైవేటు వైద్యశాలలు ధరల పట్టిక గోడకు తగిలించాలని నిబంధన పెట్టవచ్చు. పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి అంటున్న నగరపాలక సంస్థలు ఆ రుసుమును ఈ సేవకే కేటాయించవచ్చు. కుక్కలు ఎక్కడ ఉండాలో తేల్చడానికి అత్యున్నత న్యాయస్థానం కూర్చోవలసి వచ్చింది. వాటికి రాత్రిపూట వైద్యం ఎక్కడ దొరకాలో తేల్చడానికి శాసనసభలో ఒక పూట చర్చ చాలు. 15వ అంశం రాష్ట్రాలదే.