ఇసుక యేటి ఒడ్డున మూడు నెలలు

కెన్యా దేశపు వాయవ్య మూలన తుర్కానా అనే విశాలమైన ఎడారి సీమ ఉంది. 2019 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తొమ్మిది లక్షలకు పైగా జనం ఉన్నారు. ముఖ్య పట్టణం లోడ్వార్. రాజధాని నైరోబీ నుండి రోడ్డు మార్గాన అది సుమారు 700 కిలోమీటర్లు. కరవు జిల్లా అనగానే మనకు అనంతపురం గుర్తుకు వస్తుంది. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, లోడ్వార్‌లో పడేది 200 మాత్రమే. ఆ సీమలోని ఒక చిన్న పల్లెలో 2019 మే నుండి జూలై వరకు స్వచ్ఛంద సేవకుడిగా ఉండే అవకాశం నాకు కలిగింది.

ఎడారి అనగానే ఇసుక తిన్నెలు మనస్సుకు తోస్తాయి. నేను చూసినది నల్లరాళ్ల నేల, ముళ్లపొదలు, ఎండిన ఏరు. ఆ యేటి ఒడ్డున మన సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి ఉండడం చూసి ఆశ్చర్యపోయాను! ఎడారి వ్యాపించకుండా ఆపాలని 1970, 80లలో బయటివారు తెచ్చి నాటిన చెట్టు అది. ఇప్పుడు మేత భూముల్లోకి పాకి మేకలకు గడ్డి లేకుండా చేస్తోంది. బొగ్గు కాల్చుకోవడానికి మాత్రం పనికివస్తోంది.

అక్కడ పని తెల్లవారుజామున అయిదు గంటలకే మొదలవుతుంది. తేళ్ల భయం గనుక చెప్పులు దులిపి తొడుక్కోవాలి. అప్పటికే బోరింగు దగ్గర పసుపు పచ్చని ఇరవై లీటర్ల డబ్బాలు వరుస కట్టి ఉంటాయి. మెడ నిండా పూసల దండలు వేసుకున్న స్త్రీలు “ఎజోక” అని పలకరిస్తారు. బాగున్నారా అని అర్థం. నా వంతు కూడా రోజుకు ఒక డబ్బాయే. త్రాగడం, వండుకోవడం, స్నానం, బట్టలు అన్నీ అందులోనే.

ఉదయం బడిలో లెక్కలు చెప్పేవాడిని. మధ్యాహ్నం పిల్లలకు ఉడికించిన మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు పెట్టేవారు. కొందరికి ఆ రోజుకు అదే భోజనం. ఎండ ముదిరితే ఊరంతా కదలిక ఆగిపోతుంది. పెద్దమనుషులు ఎకిచొలొంగ్ అనే చిన్న కొయ్య పీట చంకన పెట్టుకొని చెట్టు నీడకు చేరతారు. కూర్చుంటే అది పీట, పడుకుంటే తలగడ. సాయంత్రం మేకలు, ఒంటెలు దుమ్ము రేపుకుంటూ వస్తాయి. ఈతాకు వంటి ఆకులతో అల్లిన గుడిసెలను కట్టేది స్త్రీలే. రాత్రి అందరమూ ఆరుబయటే పడక. వారి భాషలో దేవునికి అకుజ్ అని పేరు. వాన ఆయన చేతిలోనిదని పెద్దలు చెబుతారు. మబ్బు లేని ఆ ఆకాశం క్రింద ఆ మాట వింటే దాని బరువు తెలుస్తుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది బోరింగును గూర్చి. అది చెడిపోతే స్త్రీలు ఎండిన యేటికి వెళ్లి చెలమలు త్రవ్వుతారు. చెలమ లోతైతే ఒకరు దిగి గిన్నెతో ముంచి పైవారికి అందించాలి. ఒక డబ్బా నిండేసరికి పూట గడిచిపోతుంది. అలా నీళ్లు మోయడానికి పోయే ఆడపిల్లకు ఆ రోజు బడి లేనట్టే. ఇంతకూ బోరింగులో చెడిపోయేది చాలాసార్లు ఒక చిన్న రబ్బరు సీలు మాత్రమే!

కెన్యాలో విరివిగా వాడే ఆఫ్రిడెవ్ రకం బోరింగులో ఒక మేలు ఉంది. మన ఇండియా మార్క్ 2 రకానికి సీలు మార్చాలంటే పైపులన్నీ పైకి తీయాలి. దీనికి ఆ పని లేదు. ఒక్క పానాతో విప్పి, లోపలి కడ్డీలు లాగి, సీలు మార్చవచ్చు. మాతో వచ్చిన మెకానిక్కు ఆ పనిని ఇద్దరు స్త్రీలకు నేర్పాడు. మగవారికి ఎందుకు నేర్పలేదని ఊళ్లో ప్రశ్న వచ్చింది. “మగవారు మందలతో నెలల తరబడి వెళ్లిపోతారు, ఊళ్లో ఉండేది మేమే కదా” అని ఆ స్త్రీలే జవాబిచ్చారు. పానా వారి ఇంటిలోనే ఉంచారు. సీళ్లు కొనడానికి ఇంటింటికి కొద్ది చందా వేసుకున్నారు.

తుర్కానా సరస్సు ఒడ్డున కలొకొల్ అనే ఊరు ఉంది. 1980ల మొదట్లో నార్వే దేశ సహాయంతో అక్కడ చేపలను గడ్డకట్టించి నిలువచేసే పెద్ద కర్మాగారం కట్టారు. అంత వేడిలో దానిని నడిపే ఖర్చు, కావలసిన మంచినీరు సమకూరక అది కొద్ది రోజులకే మూతపడింది. సహాయం చేసినవారి మనస్సు మంచిదే. అయితే ఆ నేల దానిని మోయలేకపోయింది.

2020 చివరి నుండి 2022 వరకు ఆ ప్రాంతమంతటా వరుసగా అయిదు కార్లు వానలు తప్పాయి. మందలు మందలుగా పశువులు చచ్చాయి. మా పల్లె ఏమైందోనని దిగులుగా ఉండేది. 2022లో అక్కడి ఉపాధ్యాయుడు ఫోనులో చెప్పాడు: మేకలు చాలా పోయాయి, రెండు కుటుంబాలు ఊరు విడిచిపోయాయి, బోరింగు మాత్రం ఆగలేదు. సీలు మూడుసార్లు మార్చారట, ఎవరినీ పిలవకుండానే.

దూరదేశం వెళ్లి సేవ చేయాలని ఆశపడే యౌవనులకు ఒక మాట. వెళ్లేముందు చేతిపని ఒకటి నేర్చుకొనండి. వెళ్లాక దానిని అక్కడ ఉండిపోయేవారి చేతిలో పెట్టి రండి. మన పేరు వారికి గుర్తుండనక్కరలేదు. పానా ఎక్కడుందో గుర్తుంటే చాలు.